తడి పట్టని పలకలు

మరైతే, ఆ వెనక గదిలో చల్లదనం ఎవరి కోసమన్నట్టు? మనిషి పడుకోని గది, మనిషి కూర్చోని గది. పక్కింటివాళ్ళు చెప్పినదాన్ని బట్టి, కరెంటు వచ్చిన ప్రతిసారీ ముందుగా ఏసీ వేసేది మాత్రం ఆ గదిలోనే. చెక్క కోసమా, గోడ కోసమా? లేక చల్లగా ఉంచకపోతే చెడిపోయేది ఏదైనా అక్కడ ఉందా?

చివరి ప్రశ్న దగ్గర మణిమాల ఆగింది. అది తను అడిగిన ప్రశ్నలా లేదు. ఎప్పుడు వచ్చిందో తెలియకుండా వచ్చి, చాలాసేపటి నుంచి అక్కడే ఉన్నట్టు మనసులో చోటు చేసుకుంది. ఆమెకి అనుమానాలు ఎప్పుడూ అలాగే వచ్చేవి. చప్పుడు లేకుండా వచ్చి కాళ్ళ దగ్గర ముడుచుకున్న పిల్లిలా. వచ్చాక మాత్రం లేచి వెళ్ళేవి కావు.

తన ఇంటి ముందుగదిలో, ఎదురుగా చాప మీద కూర్చున్న సూర్యావతి తన కథ మూడోసారి చెప్పడం ముగించింది. రెండు వారాల కిందట, వాన పడుతున్న ఒక పొద్దుటిపూట, ఆమె భర్త వెంకటరాజు ఏమీ తినకుండా, గొడుగు తీసుకుని, వంతెన దాటే బస్సు కోసం బయల్దేరాడు. మళ్ళీ రాలేదు. మూడుసార్లూ అవే మాటలు, అదే వరస. వాన, తినకపోవడం, గొడుగు, బస్సు. నిజంగా మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు చెప్పేటప్పుడు ఒక్కోసారి ఒక్కోచోట తడబడతారు. మొదటిసారి గొడుగు దగ్గర ఏడ్చినవాళ్ళు రెండోసారి బస్సు దగ్గర ఏడుస్తారు. ఈమె ఎక్కడా తడబడలేదు. రోజూ దిగే మెట్లు కళ్ళు మూసుకుని దిగినట్టు దిగిపోయింది.

మణిమాలకి యాభై దాటాయి. ఒక ఇన్సూరెన్సు కంపెనీ తరఫున కాలిపోయిన గోదాముల్లో, కొట్లలో తిరిగి, నిప్పు దానంతటదే అంటుకుందా, ఎవరైనా అంటించారా అని తేల్చడం ఆమె చేసిన ఉద్యోగం. ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం రాజ్యాన్ని చేతిలోకి తీసుకున్నాక కంపెనీ తలుపులు మూతపడ్డాయి. అప్పట్నుంచి నగరం నడిబొడ్డున పబేడాన్‌లో ఒక మేడగదిలో ఒంటరిగా ఉంటూ, ఎవరైనా వచ్చి అడిగితే చిన్నచిన్న విచారణలు చేస్తోంది. వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు. ఫోనులో ఇంటర్నెట్టు లేదు, పక్కింటివాడు తలుపు కొట్టినా ఎవరూ వెంటనే తియ్యడం లేదు. అలాంటి రోజుల్లో సూర్యావతి తనంతట తనే తన్లిన్ నుంచి నది దాటి వచ్చి, నా మనిషి కనపడటం లేదు, వెతికి, తేలినదేదో రాసి మా వార్డు ఆఫీసులో ఇవ్వండి అని అడిగింది.

ఆ చివరి మాట అప్పుడే వింతగా తోచింది. వెంకటరాజు కోసం, సైన్యం చెప్పుచేతల్లో ఉన్న ఆ వార్డు ఆఫీసువాళ్ళే వెతుకుతున్నారు. కరెంటు ఇంజినీర్ల సమ్మెలో వాళ్ళకి తోడుగా అతను ముందు నిలబడ్డాడు. అతని పేరు మీద వారెంటు ఉంది. ఈ పేట నుంచి అలా తీసుకెళ్ళిన ఇద్దరి ఇళ్ళకి మర్నాడే కబురు వచ్చింది, వచ్చి శవాన్ని పట్టుకెళ్ళమని. దొరికితే బతకనివ్వని వాళ్ళకి, దొరికిన సంగతి రాసి ఇవ్వమని ఏ పెళ్ళాం అడుగుతుంది? అతను ఇక దొరకడని రూఢిగా తెలిసినదైతే అడుగుతుంది. అంత రూఢిగా ఎవరికి తెలుస్తుంది?

పిల్లి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

“ఇల్లు ఇంత చల్లగా ఉందేంటమ్మా? ఇప్పుడు కరెంటు లేదు కదా?” అంది మణిమాల, మాట మార్చినట్టుగా.

“పొద్దున్న వొచ్చిన కరెంటు చల్లదనం అప్పా ఇది. సాయంత్రం దాకా ఉంటాది. ఆయన కట్టిన గోడలు అలాటివి” అంది సూర్యావతి, అక్కని తమ యాసలో అప్పా అని పిలుస్తూ.

ఆ రెండు మాటల్లో, మొదటిసారి, ఆమె గొంతులో ఒక మనిషి వినిపించింది. మణిమాల కదలకుండా కూర్చుని ఆ మనిషిని మాట్లాడనిచ్చింది.

వెంకటరాజు నార్వేలో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. అక్కడి పాత చెక్క ఇళ్ళకి చలి తగలకుండా, పొయ్యిలో కట్టెలు సగం ఖర్చుతో సరిపోయేలా గోడల్ని మళ్ళీ కట్టడం అతని పని. పాత పలకల వెనక మెత్తటి సరుకు కూరి, సందులన్నీ మూసి, గదివైపు ప్లాస్టిక్ పరదా కొడతారట, ఇంట్లోని వెచ్చటి ఆవిరి గోడలోకి పోయి చెక్కని కుళ్ళబెట్టకుండా. ఇంటిమీద బెంగపెట్టుకుని తిరిగి వచ్చాక, తండ్రి కట్టించిన ఈ టేకు ఇంటికీ అదే వైద్యం చేశాడు. అక్కడ వెచ్చదనం బయటికి పోకూడదు, ఇక్కడ చల్లదనం పోకూడదు, అంతే కదా తేడా అన్నాడు. గోడల్లో వరి ఊక కూరాడు. కిటికీల అంచులన్నీ టేపుతో మూశాడు. ఏ సందులోంచి గాలి దూరుతోందో కనిపెట్టడానికి వంటింటి ఫేను వేసి, అగరుబత్తి పట్టుకుని గోడ గోడకీ తిరిగేవాడు. అది చూసి పక్కింటి బర్మా ముసలమ్మ, మీ దేవుడు గోడల్లో ఉంటాడా అని అడిగిందట.

“నవ్విపోయినాం అప్పుడు” అంది సూర్యావతి. ఆ నవ్వు ముఖం మీదికి రాబోయి, దారిలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

“తరవాత?”

“తరవాతేటి. మొదటి వానలకే పలకలు అడుగునుంచి నల్లబడిపోయినాయి. ఆయన ఒక పలక ఊడదీసి సూసి, అక్కడే తల పట్టుకుని కూకుండిపోయారు. ఆ దేశంలో ఆవిరి లోపల్నుంచి బయటికెల్తాదంట. మనకాడ బయట్నుంచి లోపలికొస్తాది. వొచ్చి, ఏసీకి సల్లబడ్డ ప్లాస్టిక్కుకి తగిలి, గోడలోనే నీరయిపోతాది. పరదా అటుపక్క కొట్టాల్సింది ఇటుపక్క కొట్టేసినాను సూర్యా, తెలీకేం కాదు, సెయ్యి అలవాటైపోయింది అన్నారు.”

మణిమాల తల ఊపింది. ఇంత తెలిసినవాడు అంత చిన్న తప్పు ఎలా చేశాడని కాదు ఆమె ఆలోచిస్తున్నది. భర్త గురించి ఇంత బతికి ఉన్న గొంతుతో మాట్లాడే మనిషి, అతను వెళ్ళిపోయిన రోజు గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఎందుకు చచ్చిపోతోంది? ప్రేమ ఉంది. సందేహం లేదు. కానీ కాలిపోయిన ఇళ్ళలో ఆమె చూసిన నిప్పు చాలాసార్లు ప్రేమ ఉన్న చోటే మొదలైంది.

లేచి ఇల్లు చూస్తానంది.

ముందుగది, నడవా, వంటిల్లు. సూర్యావతి చెప్పింది నిజమే. ప్రతి గోడకీ అడుగున జానెడు ఎత్తు వరకు పలకలు నల్లగా, చెమర్చినట్టుగా ఉన్నాయి. గోటితో గీరితే మెత్తగా దిగింది. ఒక్క పలక కూడా తప్పించుకోలేదు. ముందుగది గోడకి తేమని చూపించే ఇత్తడి మీటరు ఒకటి వేలాడుతోంది. వెంకటరాజు ప్రతి గదిలోనూ ఒకటి పెట్టాడట. సూర్యావతి పడుకునేది, వండుకున్నది తినేది, పగలంతా కూర్చునేది ఈ ముందుగదిలోనే. మణిమాల మీటరు ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకుంది.

వంటింట్లో గోడ ఫేను ప్లగ్గు ఊడదీసి ఉంది. పాడైపోయిందప్పా అంది సూర్యావతి వెనక నుంచి, అడగకుండానే. మణిమాల కుర్చీ ఎక్కి చూసింది. రెక్కల మీద దుమ్ము లేదు, జిడ్డు లేదు. పాడైపోయిన వస్తువుని అంత శుభ్రంగా ఎవరూ ఉంచరు. కుర్చీ దిగింది.

వెనక గది తలుపు తియ్యగానే కలరా ఉండల వాసన ముఖానికి కొట్టింది. దాని మీద అగరుబత్తి వాసన, దాని మీద మళ్ళీ సాంబ్రాణి. వాసన మీద వాసన వేసి కప్పినట్టుంది. గదిలో బట్టల పెట్టె లేదు, బీరువా లేదు. మరి ఏ బట్టలకి పెట్టారు ఆ ఉండలు? కిటికీ మూసి, అంచులకి టేపు. పైన ఏసీ. ఒక గోడకి దేవుడి అర, అందులో సింహాచలం అప్పన్న పటం, ఆరిన ప్రమిద. మూడు గోడలకి అడుగున అదే నలుపు. దేవుడి అర ఉన్న గోడకి లేదు.

మణిమాల ఆ గోడ ముందు గొంతుకూర్చుంది. రెండు స్తంభాల మధ్య పలకలు నేల దాకా పొడిగా, తేనెరంగులో, కొత్త పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయి. అంటే వాటి వెనక ఊక లేదు. ప్లాస్టిక్ లేదు. ఊక లేకపోతే అక్కడ ఇంకేదైనా ఉండాలి. మిగతా పలకలకి తుప్పు పట్టిన మేకులు, వీటికి మెరిసే మరలు. తలెత్తి చూసింది. పై దూలానికి చెక్కిన పువ్వు సగమే కనిపిస్తోంది, మిగతా సగాన్ని గోడ మింగేసింది. పాత గోడ అంత ముందుకి ఉండదు. దీన్ని ఎవరో లోపలికి జరిపి కట్టారు. వెనక ఎంత చోటుంటుంది? మనిషి పక్కకి తిరిగి నిలబడితే ఇముడుతాడు. నిలబెడితే ఇముడుతాడు.

తలుపు పక్కనున్న మీటరు చూసింది. ఎవరూ ఉండని గది, ఏసీ ఆరబెడుతున్న గది. ముల్లు ముందుగదికన్నా తడివైపు జరిగి ఉంది.

కొత్త మరలు. వాసన మీద వాసన. ఎవరికీ అవసరం లేని చల్లదనం. ఏ ఊకా లేని చోటు, ఎక్కడిదో తేలని తడి. ఒక్కొక్కటే వచ్చి దాని జాగాలో అది కూర్చుంది. మణిమాలకి లోపల ఎక్కడో సన్నటి సంతోషం కదిలింది. ఆ సంతోషాన్ని ఆమె ఎరుగును. సరైన జవాబు దొరకబోయే ముందు అది ఎప్పుడూ కదులుతుంది. చనిపోయిన మనిషి మీద జాలికన్నా ముందు వస్తుంది. దాన్ని చూసి ఆమె చాలాసార్లు సిగ్గుపడింది కానీ ఎప్పుడూ వద్దనలేదు.

“ఈ మరలు ఎవరు బిగించారు?”

“ఆయనే. సెద పట్టిందని మార్చినారు. ఎల్లే ముందు.”

“ఒక పలక తీసి చూడొచ్చా?”

“దేముణ్ణి కదపకూడదప్పా. ఆయనొచ్చేదాకా కదపనని మొక్కుకున్నాను.”

సూర్యావతి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చేతులు రెండూ చీర కొంగులో దాచుకుంది. మొక్కుకున్న మనిషి దేవుడి వైపు చూస్తుంది. ఆమె మణిమాల చేతుల వైపు చూస్తోంది.

అప్పుడే బయట మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తరవాత తెలుగులో ఒక గొంతు, లోపలికి రావచ్చా అని అడగకుండానే లోపలికి వచ్చేసింది.

“ఏటి మణిమాలా, ఇంకా గోడల్నే పలకరిస్తన్నావా?”

ఆంజనేయప్రసాద్. అతనూ ఆమె ఒకే కంపెనీలో ఒకే పని చేశారు. ఏ అగ్నిప్రమాదానికైనా ఇద్దరూ కలిసి వెళ్ళి రెండు జవాబులతో తిరిగి వచ్చేవారు. ఆమె మసిని చూసేది, వైర్లని చూసేది. అతను మనుషుల ముఖాలు చూసేవాడు. చాలాసార్లు అతని జవాబే ముందు వచ్చేది. చివరికి నిలబడేది మాత్రం ఆమెది. ఆ సంగతి అతను మర్చిపోలేదు. ఇప్పుడు వార్డు ఆఫీసులో కూర్చుని, ఏ ఇంట్లో ఎవరి ముఖం బాగాలేదో చెప్పడం అతని పని. బూట్లు గుమ్మం దగ్గర విప్పి, తడిసిన మేజోళ్ళతో నడిచి వచ్చాడు. నేల మీద అతని అడుగులు ఒక్కొక్కటే తడిగా పడ్డాయి.

“మనుషులైతే నిన్ను చూడగానే నోరు మూసుకుంటారు కదా ప్రసాదూ” అంది మణిమాల లేవకుండానే. “గోడలకి ఆ ఇబ్బంది లేదు.”

“బయం ఉంటేనే కదా నోరు తెరుస్తారు. నీకదే తెలీదు.” సూర్యావతి వైపు తిరిగి, మంచినీళ్ళు ఇమ్మన్నాడు. ఆమె కదలలేదు. గుమ్మం వదలలేదు. అతను ఆ కదలకపోవడాన్ని కాసేపు చూసి, నీళ్ళ సంగతి మర్చిపోయినట్టు నవ్వాడు.

తరవాత అతను చెప్పిందంతా సూటిగా ఉంది. వెంకటరాజు వంతెన దాటలేదు. వంతెన దగ్గర కాపలావాళ్ళు ప్రతి బస్సూ ఆపి ముఖాలు చూస్తున్నారు, ఆ ముఖం వాళ్ళకి తగల్లేదు. పడవవాళ్ళని అడిగారు. చుట్టాల ఇళ్ళు వెతికారు. కాబట్టి ఊళ్ళోనే, బహుశా ఈ ఇంటికి దగ్గర్లోనే ఉన్నాడు. రెండుసార్లు ఈ ఇంట్లోకి మనుషుల్ని పంపారు కానీ, వాళ్ళకి మంచం కింద చూడటం తప్ప ఏమీ రాదు.

“ఈవిడ నీ దగ్గరికొచ్చిందని తెలిసినాక నాకు నవ్వొచ్చింది. ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా అని. మా ఆఫీసరుకి నేనే సెప్పాను, మణిమాల రాసిందంటే అది అంతే, దాని మీద ఇంకొకళ్ళు వెళ్ళి చూడక్కర్లేదు అని. లేడని రాసియ్యి, ఈ ఇంటి జోలికి ఎవరూ రారు. ఉన్నాడంటావా, వీది చివర బండుంది.”

“అంత నమ్మకమా నా మీద?”

“నమ్మకం కాదు. నువ్వు కనిపెట్టిన దాన్ని దాచుకోలేవు. నీకది చేతకాదు. ఇరవయ్యేళ్ళు చూశాను.”

అతను అన్నది నిజమని ఆమెకి తెలుసు. అందుకే కోపం వచ్చింది. అతనికి కావలసింది గోడ కాదు. గోడని చూస్తున్న తన ముఖం. వేటకుక్క వెనక నడిచేవాడికి అడవి తెలియనక్కర్లేదు. కానీ ఈసారి ఇద్దరూ వెతుకుతున్నది ఒకటి కాదు. అతను దాక్కున్న మనిషిని వెతుకుతున్నాడు. ఇక్కడ దాక్కున్నవాడు లేడు, దాచబడ్డవాడు ఉన్నాడు. పలక తీసి, అతని కళ్ళ ముందు ఆ శవాన్ని చూపిస్తే, రెండు వారాలుగా మీ ఆఫీసంతా చచ్చినవాడి కోసం పడవలు ఆపుతోందని చెప్తే, ఆ ముఖం ఎలా ఉంటుంది? ఆ ముఖాన్ని చూడాలని ఆమెకి గట్టిగా అనిపించింది. మరీ గట్టిగా అనిపించింది. అంత గట్టిగా ఎందుకు అనిపిస్తోందో ఆలోచించాల్సింది, కానీ అప్పుడే వీధి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

“మీ లా బీ!”

కరెంటు వచ్చినప్పుడల్లా, వచ్చేసిందోచ్ అని ఈ దేశంలో పిల్లాపెద్దా బర్మా భాషలో అరిచే అరుపు. ఎన్ని తుపాకులు వచ్చినా ఆ అరుపు మాత్రం ఆగలేదు. తల మీద ఏసీ గుర్రుమంటూ మొదలైంది. సూర్యావతి ఉలిక్కిపడింది.

“ప్రసాదూ, ఒక పని చెయ్యి. ఆ ఏసీ ఆపి, వంటింట్లో ఫేను ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి రా. ముందు తలుపు గట్టిగా మూసెయ్యి.”

“అది పాడైపోయిందని సెప్పాను కదప్పా” అంది సూర్యావతి.

“చూద్దాం.”

ఫేను మొదటి తిప్పుకే తిరిగింది. దాని హోరు ఇల్లంతా నిండింది. మణిమాల దేవుడి అరలోంచి ఒక అగరుబత్తి తీసి వెలిగించింది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ ఆంజనేయప్రసాద్‌కి, వెంకటరాజు వాడిన పద్ధతే అని చెప్పింది. ఈ ఇంటికి సందులు లేవు. ఫేను లోపలి గాలిని బయటికి తోసేస్తుంటే, ఆ ఖాళీ నింపడానికి గాలి ఎక్కడో ఒకచోట దారి వెతుక్కుని దూరాలి. దూరిన చోట పొగ వంగుతుంది.

“గోడ వెనక ఏదైనా డొల్ల ఉంటే?”

“అక్కడా వంగుతుంది.”

కిటికీ దగ్గర పట్టింది. పొగ నిటారుగా లేచింది. మూల దగ్గర, నిటారుగానే. ఆంజనేయప్రసాద్ గోడ వైపు చూడటం లేదని మణిమాలకి తన వీపుతోనే తెలుస్తోంది. అతను సూర్యావతి ముఖం చూస్తున్నాడు, మధ్యమధ్య వెనక నుంచి మణిమాల మెడ చూస్తున్నాడు. పొడి పలకల దగ్గరికి వచ్చి, మణిమాల అతనికీ గోడకీ మధ్య పడేలా కూర్చుంది. అలా కావాలని కూర్చోలేదు. గెలవబోయే ముక్కని పేకాటలో ఎవరైనా గుండెకి ఆనించుకుంటారు, అంతే.

అగరుబత్తిని నేలకి దగ్గరగా, పలక అడుగంచు వెంట జరిపింది. రెండో పలక దగ్గర పొగ తల వంచింది. నేల మీద పడుకుని ఆమె మోకాళ్ళ వైపు పాకింది. అక్కడ వేలు పట్టేంత సందు ఉంది, పలక రంగులోనే కలిసిపోయేలా చెక్కిన సందు. స్తంభాల మీద నిలబెట్టిన ఇంటి కింద నుంచి, ఆ డొల్లలోంచి, గాలి లోపలికి వస్తోంది. అంత శ్రద్ధగా ప్రతి సందూ మూసినవాడు ఇక్కడొకటి కావాలని వదిలాడు. లేక ఇంకెవరో చేశారు.

దొరికింది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. వెనక్కి తిరిగి అనడమే తరువాయి.

అలవాటు కొద్దీ ముందు వాసన చూసింది. వంగి, ముక్కు సందుకి దగ్గరగా పెట్టింది. కాలిపోయిన చోట్లలో కుళ్ళిన శవం వాసన ఆమెకి చాలాసార్లు తగిలింది. ఎన్ని కలరా ఉండలు పెట్టినా దాన్ని కప్పలేరు. తడి చెక్క వాసన వచ్చింది. నది బురద వాసన వచ్చింది. నీచు లేదు. రెండు వారాలు, జూన్ నెల. నీచు లేదు.

ఆమె అనుమానం ఒక్క క్షణం కాలు ఎక్కడ పెట్టాలో తెలియక తడబడింది.

“అప్పా!” సూర్యావతి గొంతు ఉన్నట్టుండి పెద్దదైంది. అంత చిన్న గదిలో అంత పెద్దగా మాట్లాడాల్సిన అవసరం లేదు. “అక్కడ సెయ్యి పెట్టకండి. గండుచీమలున్నాయి. కుట్టేస్తాయి.”

పొగ నిటారుగా లేచింది.

ఫేను అలాగే హోరుమంటోంది. తలుపులు అలాగే మూసి ఉన్నాయి. మణిమాల చెయ్యి కదలలేదు. అయినా పాకుతున్న పొగ లేచి నిలబడింది, దారం పట్టి పైకి లాగినట్టు. లోపలి నుంచి వస్తున్న గాలి ఆగిపోయింది. గాలి దానంతటది ఆగదు. సందుకి ఏదో అడ్డం పడాలి. గుడ్డ కావచ్చు. అరచెయ్యి కావచ్చు.

చచ్చినవాడు సందు మూయడు.

జవాబులన్నీ, ఒక్కొక్కటిగా కాదు, మొత్తంగా తిరగబడ్డాయి. చల్లదనం శవం కోసం కాదు. ఎండలో కాగే టేకు గోడలో రోజంతా నిలబడ్డ ఒంటి కోసం. మీటరు ముల్లుని తడివైపు జరిపింది ఊపిరి. కలరా ఉండలు కప్పింది చావుని కాదు. స్నానం లేని మనిషి చెమటని. ఫేను పాడైందని చెప్పింది ఈ పొగ వంగకూడదనే. ఆ కథ మూడుసార్లూ ఒకేలా చెప్పింది దుఃఖం లేక కాదు. ఒక్క మాట జారితే ఒక మనిషి పోతాడు కాబట్టి. ఆనవాళ్ళన్నీ సరిగ్గానే చూసింది తను. ఏదీ తప్పు చూడలేదు. వెంకటరాజు చెయ్యి ఇరవై ఏళ్ళ అలవాటుతో పరదాని ఇటుపక్క కొట్టేసినట్టే, తన మనసూ ఇరవై ఏళ్ళ అలవాటుతో అనుమానాన్ని ఇటుపక్క కొట్టేసింది. లోపల ఎవరో ఎవరినో చంపారనే తప్ప, ఎవరో ఎవరినో బతికిస్తున్నారని తోచలేదు.

మరి ఈ ఆడమనిషి నది దాటి వచ్చి తనని ఎందుకు పిలిచింది? వెతకడానికి కాదు. వెతికారని అనిపించుకోవడానికి. ఊళ్ళో ఎవరి మాట మీద ఇంకొకళ్ళు వచ్చి చూడరో, ఆ మాట కోసం వచ్చింది. గోడని భర్త కట్టాడు. ఇంకొక్క పరదా మిగిలింది, లేడని రాసిన కాగితం, దాన్ని తన చేత కొట్టించాలనుకుంది. తనకి ఆ వెతికే పని ఎంత బాగా వచ్చో మాత్రం సూర్యావతి సరిగ్గా అంచనా వేసుకోలేదు.

“ఏటయింది?” అన్నాడు ఆంజనేయప్రసాద్. “పొగ ఆడినట్టుంది.”

మణిమాల ముఖం గోడ వైపే ఉంది. తిరిగితే అతను చదివేస్తాడు, ఈ ఒక్క విద్యలో అతన్ని ఆమె ఎప్పుడూ గెలవలేదు. నువ్వు కనిపెట్టిన దాన్ని దాచుకోలేవు. ఆ మాట చెవిలో ఇంకా ఉంది. జీవితంలో ఏ ఒక్కటీ దాచలేదు నిజమే. దాచాలనిపించేంత విలువైనది ఏదీ ఇంతవరకు దొరకలేదని ఇప్పుడు తోచింది. ఆ తోచడంలో ఒక భయం ఉంది. పలకకి అటువైపు, జానెడు దూరంలో, ఒక మనిషి ఊపిరి బిగబట్టి ఉన్నాడు. తనూ ఎప్పట్నుంచి బిగబట్టి ఉందో ఆమెకి గుర్తులేదు.

తడి మేజోళ్ళ చప్పుడు. ఒక అడుగు గదిలోకి. ఇంకో అడుగు. గుమ్మం దగ్గర సూర్యావతి గాజులు ఒక్కసారి గలగలమని, ఆమె చేత్తో పట్టుకున్నట్టు, ఆగిపోయాయి. అరచేతి వెనక నుంచి గాలి కాస్త దారి చేసుకున్నట్టుంది. పొగ మళ్ళీ సన్నగా, పక్కకి వాలడం మొదలుపెట్టింది.

“లే, నన్ను చూడనీ” అన్నాడతను ఆమె భుజం మీదుగా వంగుతూ.

మణిమాల వెనక్కి తిరగలేదు. అగరుబత్తి కొసని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, నిప్పు చల్లారేదాకా నలిపింది.